ఆరు నెలలు మూసిన ఇల్లు

మా బావ ధనిష్ఠ నక్షత్రంలో పోయాడు. ఆ నక్షత్రంలో ఎవరైనా పోతే ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలని మావాళ్ల నమ్మకం. పోయిన మనిషి వెళ్లలేక ఆ గదుల్లోనే తిరుగుతుంటాడనీ, ఉన్నవాళ్లను తోడు పిలుస్తాడనీ అంటారు. అందుకని పన్నెండో రోజు ముగియగానే కాటన్‌పేటలోని ఆ ఇంటికి తాళం వేశారు. గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప పెట్టాలట. బెంగళూరు నడిబొడ్డున కంప ఎక్కడ దొరుకుతుంది? పురోహితుడే సర్దుబాటు చెప్పాడు. మార్కెట్ నుంచి నిమ్మచెట్టు కొమ్మ తెప్పించి తలుపు గొళ్లేనికి కట్టారు. మా అక్క, పదిహేనేళ్ల నా మేనకోడలు రెండు సూట్‌కేసులతో కె.ఆర్.పురంలోని నా ఫ్లాట్‌కు వచ్చేశారు. తాళంచెవి అక్క నా చేతికిచ్చి దేవుడి అరలో పెట్టమంది.

నేను దయ్యాల కథలు రాస్తాను. పిల్లలకు కాదు, పెద్దలకూ కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవాళ్లకు. ఈ నగరంలో పుట్టిన తెలుగు పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టి నా కథలు పుస్తకంగా వచ్చేది తక్కువ, ఆడియోలో వినేది ఎక్కువ. చదివేది కూడా నేనే. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ పిల్లలు నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నప్పుడు అడిగాను, మీకు ఏ ఇల్లంటే భయమని. కిటికీ లేని గది ఉన్న ఇల్లు అని ఒక అమ్మాయి చెప్పింది. వాళ్లలో ఎవరూ అలాంటి గదిని చూసినవాళ్లు కాదు. నేను చూశాను. మా బావ పడుకున్నది అలాంటి గదిలోనే.

పేటలోని పాత ఇళ్లు ముందు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. వీధి వైపు బావ పరుపుల దుకాణం, దాని వెనక నడవ, నడవ చివర నడిమి గది. ఆ గదికి వెలుతురు పైకప్పులోని ఒక గాజు పలక నుంచి రావాలి. ముప్పై ఏళ్లు దూది ఏకి, ఆ ధూళి పీల్చి, బావ ఊపిరితిత్తులు పాడయ్యాయి. చివరి ఏడాది ఆక్సిజన్ మిషన్‌తోనే గడిచింది. ఆ మిషన్ అద్దెకు కుదిర్చింది నేను. గొట్టం మార్చాలన్నా, శబ్దం తేడాగా వచ్చినా నాకే ఫోన్ చేసేవాడు. ఏ అవసరమొచ్చినా ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యి బావా అని చెప్పింది నేనే. ఆయన దాన్ని నిజంగానే తీసుకున్నాడు. మిషన్ బాగున్నా చేసేవాడు. "ఏమప్పా కథలోడా, ఈ పొద్దు ఎంతమందిని చంపినావు?" అని మొదలుపెట్టి, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగేవాడు. ఆ ఆగడం నాకు విసుగు తెప్పించేది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజం అదే.

మా ఫ్లాట్ బాల్కనీ నుంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. వచ్చిన మూడో వారంలో, ఆరిన బట్టలు తీస్తూ మేనకోడలు నాతో ఒక సంగతి చెప్పింది. తండ్రి పోయిన ఆ ఉదయం వాళ్లమ్మ మార్కెట్‌కు వెళ్లింది. తను మిద్దె గదిలో ల్యాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పరీక్షలకు చదువుకుంటోంది. పాఠం వింటోందని వాళ్లమ్మ అనుకుంది, నిజానికి పాటలు వింటోంది. పన్నెండింటికి గంజి ఇద్దామని కిందికి దిగితే నాన్నకు ఊపిరి లేదు.

"పిలిచినాడేమో మామా. నాకు ఇనపడలేదేమో."

లేదమ్మా, నిద్రలోనే పోయి ఉంటాడు, అని చెప్పి నేను తల నిమిరాను. తను మడత పెడుతున్న తువ్వాలును విప్పి మళ్లీ మడత పెట్టింది. ఈ మాట అమ్మకు చెప్పొద్దని అడిగింది. చెప్పనన్నాను. అక్కకు చెప్పలేదు, అంతవరకు మాట నిలబెట్టుకున్నాను.

ఆ రోజుల్లో నేను ఒక నవల ఇవ్వాల్సి ఉంది, చేతిలో ఏమీ లేదు. ఇంటి వివరాలు కావాలనుకున్నాను. ఒక మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, అక్క కునుకు తీస్తుంటే, దేవుడి అర నుంచి తాళంచెవి తీసుకుని కాటన్‌పేట వెళ్లాను. మూసిన ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదని తెలుసు. నాకు అలాంటి పట్టింపులు లేవని నాకు నేను చెప్పుకున్నాను. నిమ్మకొమ్మ ఎండిపోయింది, ముళ్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి. విప్పుతుంటే బొటనవేలికి గుచ్చుకుంది. వీధిలో ట్రాలీలు, లారీల హారన్లు. తలుపు మూయగానే ఆ చప్పుడంతా ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టు వినిపించింది. నడవలో దూది వాసన అలాగే ఉంది. నడిమి గదిలో మంచం లేదు, ఎవరికో ఇచ్చేశారు. మంచం కోళ్లు నిలిచిన చోట గచ్చు మీద నాలుగు నున్నటి గుండ్రాలు ఉన్నాయి. గోడ గూట్లో మాత్రల డబ్బా, కళ్లజోడు, బావ బటన్ ఫోన్.

నేను వెళ్లింది ఆ ఫోన్ కోసమే. వివరాలన్నది సాకు.

బావ పోయిన ఉదయం నాకు ఆయన నుంచి ఫోన్ వచ్చింది. నేను రాసుకుంటున్నాను. తెర మీద ఆయన పేరు చూశాను. మళ్లీ ఎంతమందిని చంపినావని అడుగుతాడనుకున్నాను. ఫోన్‌ను బోర్లా పెట్టాను. అది ఆగేదాకా బల్ల మీద వణికింది. ఆ తర్వాత ఒక పేజీ రాశాను, బాగానే వచ్చిందని కూడా గుర్తు. మధ్యాహ్నం అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆటోలో కూర్చున్నాక నేను చేసిన మొదటి పని, నా ఫోన్‌లో ఆ మిస్డ్ కాల్ చెరిపేయడం.

ఎత్తి ఉంటే బతికేవాడా అంటే చెప్పలేను. కె.ఆర్.పురం నుంచి ఆ ఇంటికి గంటన్నర దారి. కానీ ఆ వీధిలో పాల దుకాణం అతని నంబరు నా దగ్గర ఉంది. ఒకసారి లోపలికి వెళ్లి చూడండి అని ఒక్క మాట అంటే పిల్లను కిందికి పిలిచేవాడు. కనీసం బావ ఒంటరిగా పోయేవాడు కాదు.

ఆయన ఫోన్‌ను ఇంటికి తెచ్చి చార్జింగ్ పెట్టాను. చివరి కాల్ పదకొండూ ఇరవై. పేరు దగ్గర 'బామ్మర్ది' అని ఉంది. దాన్ని చెరపడానికి బటన్ మీద వేలు పెట్టి, చెరపలేకపోయాను. బీరువాలో నా చొక్కాల కింద దాచి, కూర్చుని మూడు వారాల్లో నవల పూర్తి చేశాను. అంత వేగంగా నేనెప్పుడూ రాయలేదు.

ఆ నవలలో ఒక ఇల్లు ఉంది. ముందు సన్నగా, లోపలికి పొడుగ్గా. కిటికీ లేని గదిలో తండ్రి పోతాడు. పోయేముందు మిద్దె మీద పాటలు వింటున్న కూతుర్ని మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె పలకదు. ఇక ఆ తర్వాత ఆ పిల్ల ఏ ఇంట్లో ఉన్నా, ఏ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా, పాట మధ్యలో ఆ మూడు పిలుపులు వినిపిస్తాయి. ఆడియో సంస్థలో నా కథలు చూసే అమ్మాయి ఫోన్ చేసి, "సర్, ఆ గర్ల్ గిల్ట్ ఉంది చూడండి, మొత్తం స్టోరీకి అదే హుక్. ఎలా వచ్చింది సర్ మీకు ఐడియా?" అంది. ఏదో వచ్చిందమ్మా అన్నాను. స్టూడియోలో పిలుపుల దగ్గర ఊపిరి ఆగి ఆగి తీసి చదివాను. బావ ఎలా ఆగేవాడో నాకు బాగా తెలుసు. గాజు అవతల రికార్డింగ్ కుర్రాడు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

మేనకోడలికి అప్పటికి సొంత ఫోన్ లేదు. తను వినే అవకాశం లేదనుకున్నాను, లేదా అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది. అయిదో నెలలో, స్కూల్ వ్యాన్‌లో పక్క సీటు అమ్మాయి తన ఫోన్‌లో ఆ కథ వింటూ ఒక ఇయర్‌ఫోన్ తనకిచ్చింది. మా మామ గొంతే ఇది అని గర్వంగా చెప్పిందట మొదట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, వాళ్లమ్మ పెట్టిన ఉప్పిట్టు తిని, పళ్లెం కడిగి బోర్లించి నా గదికి వచ్చింది.

"మామా, మూడుసార్లని నీకెట్ల తెలుసు?"

కథమ్మా అది, అన్నాను.

"కథంతా మా ఇల్లే ఉండాది. ఆ ఆయాసం మా నాయనదే. మూడుసార్లు ఒగటి మాత్రం కథా?"

నేను ఏదో చెప్పాను. కల్పన గురించి, రచయితలు ఎలా కలిపి రాస్తారో దాని గురించి. తను శ్రద్ధగా విని, సరేలే మామా అని వెళ్లిపోయింది. అప్పుడైనా బీరువా తెరవాల్సింది. తెరవలేదు. ఆ వారం నుంచి తను చదువుకునేటప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మానేసింది. వాళ్లమ్మ సంతోషించింది కూడా, పిల్లకు బుద్ధి వచ్చిందని.

ఆరు నెలలూ నిండాయి. అక్క రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంది. పెళ్లయి వచ్చిన ఇల్లు, బావ చేతులతో కుట్టిన పరుపులు, దుకాణం మళ్లీ తెరవాలన్న ఆలోచన. నా ఫ్లాట్‌లో ఒక్క రోజు కూడా ఆమె కాళ్లు బారచాపుకుని కూర్చోలేదు. శాంతి చేయించే రోజు ఉదయం అయిదారుగురు బంధువులు వచ్చారు. కొమ్ములకు పసుపు రాసిన ఆవును ముందు లోపలికి నడిపించారు. అది నడవ దాకా వెళ్లి, పేడ వేసి, శాంతంగా తిరిగొచ్చింది. అంతా శుభమే అన్నాడు పురోహితుడు. అక్క కుడికాలు పెట్టి లోపలికి వెళ్లింది. మేనకోడలు గడప ముందు ఆగిపోయింది.

రమ్మంటే రాలేదు. చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. దుకాణం మెట్టు మీద కూర్చుంది.

"నాయన లోపల ఉండాడు," అంది.

అక్క వచ్చి పక్కన కూలబడింది. "ఉంటే మంచిదే గదమ్మా. మీ నాయనే గదా."

"నన్ను పిలుస్తాడు. పోయిన తూరి నేను పోలేదు."

అక్కకు ఆ మాట అర్థం కాలేదు. ఎవరో పెద్దాయన పిల్లకు ఏదో సోకిందన్నాడు. ఇంకొకాయన ఈ ఇల్లు గోడౌన్‌కు ఇచ్చేయడమే మేలన్నాడు. అక్క తల ఊపుతూ కూతురి ముఖంలోకే చూస్తోంది. ఇరవై ఏళ్ల ఇల్లు ఆ తల ఊపులో పోతోందని నాకు కనిపించింది. పిల్ల రాని ఇంట్లో ఆమె ఎలాగూ ఉండదు.

బావ ఫోన్ ఆ రోజు నా చొక్కా జేబులోనే ఉంది. సందడిలో ఎవరూ చూడకుండా గూట్లో పెట్టేద్దామని తెచ్చాను. కాల్ చెరిపేసి పెట్టాలా, అలాగే పెట్టాలా అని దారంతా తేల్చుకోలేదు. బంధువులను కొంచెం పక్కకు వెళ్లమని అడిగాను. మెట్టు దగ్గర నిలబడి ఫోన్ తీసి మేనకోడలి చేతికిచ్చాను. చివరి కాల్ చూడమన్నాను.

తను చూసింది. తేదీ చూసింది, సమయం చూసింది. పెదాలు కదిపి పేరు చదివింది.

"నీకు చేసినాడా?"

"నాకే చేశాడమ్మా. నిన్ను పిలవలేదు. మూడుసార్లన్నది నేను పుట్టించాను."

"ఎత్తలేదా?"

"ఎత్తలేదు."

"ఏం చేస్తా ఉంటివి?"

"రాసుకుంటున్నాను."

తను నన్ను చాలాసేపు చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పిన చోటు దొరికితే పిల్లలు ఎలా చూస్తారో అలా. ఫోన్‌ను వాళ్లమ్మ ఒళ్లో పెట్టి, లేచి, గడప దాటి లోపలికి వెళ్లింది. నడవలో పిల్ల అడుగులు వినిపించాయి. నడిమి గది దాకా వెళ్లి ఆగాయి. కాసేపటికి చీపురు చప్పుడు మొదలైంది.

అక్క ఆ ఫోన్‌ను చీర కొంగుతో తుడిచింది. ఆమెకు కథ సంగతి అప్పటికి తెలియదు. ఫోన్ సంగతి ఒక్కటే తెలిసింది, అదే చాలింది.

"తాళంచెవి ఇట్లియ్యి," అంది. ఇచ్చాను. "నువ్వు లోపలికి రావద్దులే అప్పా."

బంధువులకు భోజనాలు పెట్టారు. నేను ఆవు యజమానితో పాటు వీధి చివరి దాకా నడిచి, బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఆ కథను తీసేయమని సంస్థను అడిగాను. ఒప్పందం ప్రకారం కుదరదన్నారు, పైగా రెండో భాగం కావాలన్నారు. రాయలేదు. కథ ఇంకా ఉంది, ఎవరో పిల్లలు ఇప్పుడు కూడా వింటూనే ఉండి ఉంటారు. దుకాణం తెరిచారని, మేనకోడలు పరీక్ష బాగా రాసిందని ఇతరుల ద్వారా తెలిసింది. ఇప్పుడు నేను ఏ ఫోన్ వచ్చినా ఎత్తుతాను. క్రెడిట్ కార్డు కావాలా అని అడిగేవాళ్ల మాట కూడా చివరిదాకా వింటాను. కాటన్‌పేట నుంచి మాత్రం ఇంతవరకు రాలేదు.