రూతమ్మ గోడ మీద ఎర్ర సిలువ

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక వేసవిలో నన్ను బళ్లారి కంటోన్మెంట్ చర్చి నుంచి మోక పాస్టరేట్‌కు బదిలీ చేశారు. పాస్టరేట్ అంటే కొన్ని ఊళ్ల సంఘాలు కలిసిన పరిధి. అంతటికీ నాలాంటి ప్రెస్బిటర్ ఒకడు, ఊరికొక ఉపదేశి. రొట్టె, ద్రాక్షరసాల ప్రభురాత్రి భోజనం ఇచ్చే అధికారం ప్రెస్బిటర్‌ది, ఆదివారాలు ప్రసంగాలు చేసే కష్టం ఉపదేశిది.

మోక ఊరి ఉపదేశి దానియేలుకు ముంగుర్తుల పిచ్చి. పాత నిబంధనలోని మనిషినో వస్తువునో చూపించి, రాబోయే క్రీస్తుకు ఇది ముందే వేసిన గుర్తు అని చెప్పడాన్ని మేము ముంగుర్తు అంటాం. దీనికి పద్ధతి ఉంది. మోషే ఎత్తిన ఇత్తడి సర్పం, చేప కడుపులో యోనా లాంటివి కొత్త నిబంధనే ఒప్పుకున్నవి. మిగతా చోట్ల జాగ్రత్తగా నడవాలి. దానియేలుకు ఆ బాధ లేదు. కట్టె కనబడితే సిలువ, నీళ్లు కనబడితే బాప్తిస్మం, ఎరుపు కనబడితే రక్తం. ఇనుప ఖనిజం లారీలు తిరిగే మా జిల్లాలో ఎరుపుకేం కరువు?

నేను చేరేనాటికి ఆయన పస్కా గురించి చెప్పి ఉన్నాడు. ఐగుప్తులో గొర్రెపిల్ల రక్తం పూసిన ఇళ్లను సంహారకుడు దాటిపోయిన కథ అది. ఆ వారంలోనే రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చి, రూతమ్మ ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో ఒకదానికొకటి అడ్డంగా రెండు గీతలు గీసి పోయారు. ఎరుపు, పైగా సిలువ ఆకారం. దానియేలు కళ్లనీళ్లు పెట్టుకుని, ఇది ముంగుర్తేనని తేల్చేశాడు.

నేను వెళ్లేసరికి గుర్తుకు మల్లెపూల దండ వేలాడుతోంది. ఎదురింటి ఓబులప్ప తన ఇంటికి గుర్తు రాలేదని అలిగి, రంగు డబ్బా కొనుక్కొచ్చి తానే వేసుకున్నాడు.

రూతమ్మ నన్ను చూసి మురిసిపోయింది. "మన సంగంలో ఇంతమంది ఉంటే నా ఇంటికే వచ్చిండాది సూడండి అయ్యగారూ. సంహారకుడు ఈడికి రాడంట."

"అమ్మా, ఆ గుర్తు ఏసి పోయిందే సంహారకుడు" అన్నాను.

మాట బాగానే కుదిరింది గానీ, ఆమె ముఖం చూశాక ఎందుకన్నానా అనిపించింది. భర్త పోయాక మిరపకోతలకు కూలికి పోయి కట్టుకున్న రెండు గదులవి. ఆ గుర్తు దాకా ఇల్లు రోడ్డుకు పోతుందని లెక్క. ఆక్షేపణ చెప్పుకోవడానికి గడువు ఆ మరునాటితో సరి. రోడ్డు పొడవునా గుర్తులు పడ్డ మిగతావాళ్లు ఎప్పుడో చెప్పుకున్నారు. రక్షణ పొందినవాళ్లకు ఆక్షేపణ ఎందుకని ఈమె ఒక్కతే ఇంట్లో కూర్చుంది.

పొద్దున్నే ఆమెను, దానియేలును వెంటబెట్టుకుని బళ్లారిలో ఆఫీసుకు వెళ్లాను. గుర్తుకు పూలదండ వేసిన ఇల్లు ఇదేనా అని అధికారి కన్నడంలో అడిగాడు. దానియేలు పస్కా వివరించబోతే కాలు తొక్కాను. మళ్లీ కొలవడానికి అధికారి ఒప్పుకున్నాడు. మనుషులు ఊరికొచ్చి కొలిస్తే, గుర్తు ఉండాల్సినదానికంటే లోపలికి పడిందని తేలింది. వసారా పోతుంది, రెండు గదులూ నిలుస్తాయి. రూతమ్మ అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

జేసీబీ వచ్చిన రోజు వసారా కొట్టేసి నేరుగా ఓబులప్ప ఇంటివైపు తిరిగింది. ఆయన సున్నం బకెట్టుతో పరుగెత్తి, తన ముంగుర్తును తానే చెరుపుకున్నాడు.

తరువాతి ఆదివారం దానియేలు ప్రసంగపీఠం ఎక్కి, ముందుభాగం మాత్రమే తీసేసి ఇల్లు నిలపడంలో గొప్ప మర్మముందని, అది అబ్రాహాము పొందిన సున్నతికి సాదృశ్యమని మొదలుపెట్టాడు. ముందు వరసలోంచి రూతమ్మ లేచింది. "సాలప్పా దానియేలప్పా, ఇంగ నా ఇల్లు ఇడ్సిపెట్టు."

ఆ తరువాత నా కింద చేరిన ఉపదేశులందరికీ మొదటి పాఠంగా ఒకటే చెప్పాను. గుర్తుకు అర్థం చెప్పేముందు, దాన్ని వేసిందెవరో కనుక్కోండి.