గంట నీళ్లు, సీసా మూత

మా చిన్నికి ఆరేళ్లు. ఆటిజం అని డాక్టరు చెప్పినప్పటి నుంచి వారానికోసారి పులివెందులలో మాటలు నేర్పే మేడం దగ్గరికి తీసుకెళ్తున్నాను. అది నిదానంగా సాగే పని, మా అత్తకేమో అంత ఓపిక లేదు. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె గుళ్లో, గంటను తిరగేసి అందులో పోసిన నీళ్లు తాగిస్తే పిల్లలకు మాటలొస్తాయని ఎవరో చెప్పారట. చేదు పసరు కాదు, నీళ్లే కదా అని ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ‘అమ్మా’ అని ఒక్కసారి పిలిపించుకోవాలని నాకూ ఆశే.

పొద్దున ఆరింటికి ప్రొద్దుటూరులో మా వీధి మస్తాన్ మామ ఆటో ఎక్కాం. బస్సయితే చవకే కానీ, హారన్ మోగితే చిన్ని చెవులు మూసుకుని కింద పడిపోతుంది. అందుకే గుడికీ, అక్కణ్నుంచి మేడం దగ్గరికీ కలిపి రోజంతటికీ పద్దెనిమిది వందలకు ఆటో మాట్లాడుకున్నాను. హారన్ కొట్టొద్దంటే, కువైట్లో డ్రైవరుగా చేసొచ్చిన మామ నవ్వాడు. “కువైట్లో కొడితే తిడతారమ్మా, ఈడ కొట్టకుంటే తిడతారు.”

ముప్పావుగంటలో జమ్మలమడుగు, అక్కడి నుంచి కాసేపట్లో గుడి. పూజారిగారి భార్య చేతిగంట తెచ్చింది.

“కొట్టొద్దమ్మా, పాప తట్టుకోలేదు” అన్నాను.

“మూడుసార్లు కొట్టకుంటే గంట నీళ్లెట్లయితాయి?”

మొదటి మోతకే చిన్ని కేకలు పెడుతూ ఆటోలోకి పారిపోయింది. నేనూ ఏడుస్తూ దాని వెనకే పరిగెత్తాను. పూజారిగారి భార్యకే జాలేసి, లోపలికెళ్లి మిగతా రెండుసార్లూ మెల్లగా కొట్టి, గంటలో నీళ్లు పోసి మా సీసాలోకి ఒంపింది. “ఏడవొద్దమ్మా. దోవలో తాపిచ్చు, మహిమ యాడికీ పోదు.”

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి రెండు గంటలు పట్టింది. సంగతి విని మేడం కోప్పడలేదు. “నీళ్లే కదా, తాపండి. కానీ మూత మీరు ముందే తీసియ్యొద్దు. మీ మొహం చూసి, సైగతోనైనా సరే, అడిగేదాకా ఆగండి” అంది. దానికి దప్పికని నాకు ముందే తెలిసిపోతుంది, ఇచ్చేస్తాను. అడిగే అవసరం దానికెప్పుడు వచ్చింది కనుక!

తిరుగుదారిలో వేంపల్లె దాటాక ఎండ మండిపోతోంది. చిన్ని సీసా తీసి మూత లాగింది, రాలేదు. నా ఒళ్లోకి విసిరింది. ఏడుపు అందుకుంది.

“పాపకు దప్పికైతాందమ్మా, ఇయ్యరాదా!” మామ ఆటో పక్కకు ఆపేశాడు.

“ఉండు మామా, అడగనీ.”

“శానా గట్టిదానివమ్మా నువ్వు!”

గట్టిదాన్నేం కాదు, నేనూ ఏడుస్తూనే ఉన్నాను. అప్పుడు చిన్ని నా చెయ్యి పట్టుకుని మూత మీద పెట్టింది. తలెత్తి నా కళ్లలోకి చూసింది. చూపు తిప్పుకోలేదు. నేను మూత తీసిచ్చాను.

“అడిగిందమ్మా!” అంటూ మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అదంతా గంట నీళ్ల మహిమేనని అత్త వీధంతా చెబుతోంది. “తాగకముందే అడిగింది కదత్తా” అంటే వినదు. చెప్పుకోనీ, ఆమె సంతోషం ఆమెది. మేం మాత్రం వారం వారం పులివెందుల వెళ్లడం మానలేదు. ‘అమ్మా’ అనే మాట ఇంకా రాలేదు, కానీ ఆ చూపు నన్ను పిలిచినట్టే ఉంది. మీరూ ఇలాంటి బిడ్డతో ఈ దారిన వెళ్తుంటే నీళ్ల సీసా మరవకండి, ఎండ గట్టిది. మూత మాత్రం ముందే తీసివ్వకండి.