నాలుగు మెట్లు దిగిన పాట

మొన్న సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న ఆవిడకు జలుబు చేసినట్టుంది. చిన్న సీసా మూత తీసి చేతిరుమాలు మీద రెండు చుక్కలు వేసుకుంది. నీలగిరి తైలం. డిసెంబరు చలికి ఆటో పరదాలు దించి ఉండటంతో వాసన బయటికి పోలేదు. ఇళ్ళ మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతున్నాయి. "ఘాటుగున్నదా అన్నా?" అని ఆవిడ అడిగింది. "ఏం కాదండి" అన్నాను. అన్న మరుక్షణం అక్కడ కూర్చోలేకపోయాను. దిల్‌సుఖ్‌నగర్ దాకా పోవలసినవాణ్ణి మధ్యలోనే దిగి నడిచాను. ఆ వాసనా, నేనన్న ఆ మాటా రెండూ నన్ను ఎస్తేరక్క దగ్గరికే తీసుకుపోతాయి.

ఎస్తేరక్క నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్ వెనక సందుల్లో ఒక రేకుల ఇంట్లో ఉండేది. పగలు జాకెట్లు కుట్టేది. సాయంత్రాలు ఆ గదిలోనే కుట్టుమిషను గోడకు జరిపి మా బృందం సాధన చేసేది. చర్చీల్లో, సభల్లో పాడే బృందం అది. దాన్ని కూడగట్టింది ఆవిడే. నేను బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని తెనాలి నుంచి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కు వచ్చి, పరీక్షలన్నీ తప్పి, చిన్నప్పుడు నేర్చుకున్న కీబోర్డు పట్టుకుని వేలాడుతున్నాను. మొదటిరోజు గుమ్మంలోనే చెప్పాను.

"మేము హిందువులమండి. మీకేమీ ఇబ్బంది లేదంటేనేనండి..."

"నీ వేళ్ళకు బాప్తిస్మం అడిగిన్నా తమ్మీ? వాయించు" అంది. వాయించాక, "మంచిగనే ఉన్నది. గా అండీలే జర తగ్గియ్యి, పెండ్లిచూపులకొచ్చినట్టున్నది" అని నవ్వింది. డోలక్ వాయించే సాల్మన్ కూడా నవ్వాడు. ఊరు వదిలి వచ్చాక నేను ఎవరి మధ్యనైనా మనిషిలా కూర్చున్నది ఆ గదిలోనే.

ఆవిడ నాకు నేర్పినవాటిలో ఒకటి ఇక్కడ చెప్పాలి. కీబోర్డులో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మన వేళ్ళు ఎప్పటి చోటనే ఆడుతున్నా పాట మొత్తం ఒక మెట్టు కిందికి దిగుతుంది. చూసేవాళ్ళకు తేడా కనిపించదు. ఒక ఆదివారం కొత్తగా పాడుతున్న అమ్మాయికి పైస్థాయి అందడం లేదని, ఆ అమ్మాయికి చెప్పకుండా ఆ మీట నొక్కాను. పాట బాగానే ముగిసింది. బయటికి వచ్చాక ఎస్తేరక్క నన్ను చెట్టు చాటుకు పిలిచింది.

"తగ్గించినవు కదా?"

"పాపం, అందడం లేదక్కా."

"అందనిది ఆమెకు తెల్వొద్దా? స్కేలు పాడేటోళ్ళది తమ్మీ, వాయించేటోళ్ళది కాదు. తగ్గిస్తె చెప్పి తగ్గియ్యి. చెప్పకుండ తగ్గిస్తివా, నువ్వామె గొంతు మీద అబద్ధమాడినట్టే."

సరేనన్నాను. ఆ మాట అప్పుడు నిజంగానే మనసుకు పట్టింది.

ఆ ఏడు డిసెంబరుకు మాకు ఊరూరా సెమీ క్రిస్మస్ సభలు కుదిరాయి. పండుగకు ముందు నెలంతా ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక సంఘం పెట్టుకునే పాటల సభలవి. సూర్యాపేట, కోదాడ, ఖమ్మం, ఇంకొన్ని ఊళ్ళు, చివరికి మిర్యాలగూడ. గోడపత్రిక మీద నా పేరు మొదటిసారి అచ్చయింది. దాన్ని ఫోటో తీసి మా నాన్నకు పంపాను. బయలుదేరే ముందువారం ఎస్తేరక్క గొంతు బొంగురుపోతే మలక్‌పేటలో దవాఖానకు తీసుకెళ్ళింది నేనే. స్వరపేటిక మీద చిన్న వాపు ఉందనీ, రెండు నెలలు పాడకుండా ఉంటే దానంతటదే తగ్గవచ్చనీ, పాడితే చెప్పలేననీ డాక్టరమ్మ అంది. తిరిగి వస్తుంటే ఎస్తేరక్కే ఒక దారి చెప్పింది.

ఆవిడ సొంతంగా కట్టిన పాట ఒకటుండేది. మూడో చరణంలో ఒక పిలుపు చాలా పైకి లేస్తుంది. పత్తిచేలో దూరాన ఉన్న కూలీలను అన్నానికి రమ్మని వాళ్ళమ్మ వేసే కేక అది. దాన్నే పాటలో పెట్టింది. "రోజూ గది పాడుత. అందినన్ని రోజులు పోదాం. అందని రోజు, ఊరేదైనా సరే, బండి మర్లేసుడే. నా గొంతు నాకు చెప్తది" అంది.

టెంపోలో రోజులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయేవి. కిటికీ ఊచలకు ఆరవేసిన చీరలు, కాళ్ళ సందున డోలక్ పెట్టుకుని నిద్రపోయే సాల్మన్, హైవే పక్కన ఆగి తినే పూరీలు. సండే స్కూలు గదుల్లో చిన్నపిల్లల బల్లల మధ్య బట్టలు మార్చుకునేవాళ్ళం. ఎస్తేరక్క డ్రైవరు పక్కన కూర్చుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు గిన్నెలోకి వంచి, నీలగిరి తైలం వేసి, కొంగు కప్పుకుని ఆవిరి పట్టేది. బండంతా అదే వాసన. "అక్కా, మేమంతా జలుబు లేకుండనే మంచిగైతున్నం" అనేవాడు సాల్మన్.

రెండో ఊళ్ళో సౌండ్ చెక్ చేస్తున్నప్పుడు ఆ పిలుపు దగ్గర ఆవిడ గొంతు చిన్నగా చీలింది. ఆవిడ కళ్ళు మూసుకుని నిలబడింది. బండి వెనక్కి తిరుగుతుందని నాకు అర్థమైంది. మళ్ళీ హాస్టల్, మళ్ళీ మా నాన్న ఫోను. సభ మొదలయ్యే ముందు మీట ఒక్కసారి నొక్కాను. పిలుపు అందింది. ఎస్తేరక్క వేదిక దిగి వచ్చి నా భుజం పట్టుకుని, "సూసినవా తమ్మీ, గొంతు తెరుసుకుంది!" అంది. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. చెప్పవలసిన క్షణం అదే. చెప్పలేదు. ఆవిడ కోసమే చేశానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తరువాతి ఊళ్ళో రెండు మెట్లు దించాను. ఆ తరువాత మూడు. ఇతరుల పాటలో ఇట్టే పట్టేసే మనిషి, తన పాటకు మాత్రం నేనిచ్చిన స్వరాన్నే నమ్మింది. "నొప్పి అనిపిస్తుంది గని, అందుతున్నది కదా. ఏమన్న తేడా ఉన్నదా తమ్మీ?" అని ఒకసారి అడిగింది. "ఏం కాదక్కా" అన్నాను.

మిర్యాలగూడ నాటికి నాలుగు.

ఆ సాయంత్రం ఇంకా వెలుగుండగానే ఆవిడ పాట మొదలుపెట్టాం. రెండో చరణం ముగిసేసరికి కరెంటు పోయింది. జనరేటరు వేశారు. జనం చప్పట్లు కొట్టారు, సాల్మన్ డోలక్ అందుకున్నాడు, నేను కీబోర్డు వెలగగానే తొందరలో మూడో చరణానికి స్వరం ఇచ్చేశాను. ఆరిపోయి వెలిగిన కీబోర్డు అసలు స్కేలుకు తిరిగి వచ్చేస్తుంది. ప్రతి సభకూ ముందు మీట నొక్కి దించుతున్న నాకు ఆ సంగతి తెలుసు. అప్పుడు గుర్తు రాలేదు. ఆవిడ నా స్వరాన్ని నమ్మి, ఊపిరంతా పెట్టి పిలిచింది. గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. తరువాత ఏమీ రాలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆవిడ జనాన్ని చూడలేదు. తల తిప్పి నా వేళ్ళను చూసింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దగ్గర టీకి ఆగినప్పుడు అందరూ దిగారు, ఆవిడా నేనూ మిగిలాం. గుసగుసగా అడిగింది.

"ఎన్ని దింపినవు?"

"ఒక్కటే అక్కా."

ఆవిడ తల ఊపింది. ఒక్క మెట్టు తేడాకు అలా జరగదని ఆవిడకు తెలియదా? తెలుసు. నా నోటితో నేను చెప్పడానికి ఇంకొక్క అవకాశమిచ్చినట్టు కాసేపు నన్నే చూసి, కొంగు కప్పుకుంది.

ఆపరేషన్ అయింది. గొంతు తిరిగి రాలేదు. చివరి దాకా ఊపిరితోనే మాట్లాడింది. నాలుగేళ్ళో ఐదేళ్ళో బతికింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో మూడు స్టేషన్లు. నేను వెళ్ళింది రెండుసార్లు. ఆ రెండుసార్లూ టీ పెట్టించి, పిల్లలకు నేను కొత్తగా మొదలుపెట్టిన కీబోర్డు పాఠాలు ఎట్లా సాగుతున్నాయో అడిగింది. మిషను మళ్ళీ గది మధ్యకు వచ్చింది. దాన్ని పక్కకు జరపవలసిన అవసరం ఇక లేదు. రెండుసార్లూ నిజం చెప్పాలని వెళ్ళి, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వచ్చాను.

భూస్థాపన రోజు ఆవిడ పాట పాడదామన్నారు. కీబోర్డు నన్నే వాయించమన్నారు. అసలు స్కేలులోనే మొదలుపెట్టాను. ఆవిడకు అదొక్కటైనా సరిగ్గా చేయాలనుకున్నాను. మూడో చరణంలో ఆ పిలుపు దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళెవరికీ అందలేదు. పాట ఆగిపోయింది. పాస్టరు గారు అరచేయి కిందికి ఆడించి, తగ్గించమన్నారు. ఒకటి తగ్గించాను. అందలేదు. రెండు. మూడు. నాలుగో మెట్టు మీద అందరి గొంతులూ కలిసి లేచాయి. మిర్యాలగూడలో కరెంటు పోకముందు విన్నది ఈ స్థాయేనని సాల్మన్ చెవి పట్టినట్టుంది. డోలక్ వాయిస్తూనే, ఎన్ని మెట్లు దిగిందో చూపే కీబోర్డు మీది అంకెను చూశాడు, తరువాత నన్ను చూశాడు. ఆ రోజు నుంచి అతను నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణం పైగదిలో పిల్లలకు కీబోర్డు నేర్పుతున్నాను. పాడే పిల్లకు పైస్వరం అందకపోతే మీట మీద వేలు పెట్టి, "ఒకటి తగ్గిస్తున్నానమ్మా" అని పైకి చెప్తాను. రెండైతే రెండని చెప్తాను. మా మాస్టారు అన్నీ చెప్పే చేస్తాడని పిల్లలు అనుకుంటారు. నాలుగు తగ్గించవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ పాట ఆపేసి వేరే పాట ఎత్తుకుంటాను. ఆ అంకె ఈ రోజుకూ నా నోట రాదు.