బండికి ఇంజెక్షన్

మా ఆవిడ పుట్టింటివాళ్ళకి నాచారంలో టెంట్‌హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు ఫంక్షన్లకి చేరవేసే పని పెళ్ళయ్యాక కూడా మా ఆవిడదే. అందుకు వాడేది పాత పెట్రోలు జీపు. మా మామగారు వెనక తొట్టి కట్టించి దాన్ని బుల్లి లారీ చేశారు. ఆమెకి డ్రైవింగ్ నేర్పిందీ దానిమీదే. ఆయన పోయాక బండి నడిపేది ఆమె, కొట్టు నడిపేది మా బావమరిది, ఇద్దరి మధ్యా నడవలేక పక్కకి తప్పుకునేది నేను.

పోయినేడు బండి పొల్యూషన్ టెస్టులో రెండుసార్లు తప్పింది. ఉప్పల్‌లో మా మెకానిక్ కార్బొరేటర్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, ఇంజన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"అరిగిపోయింది సార్. దీని సామాను ఇప్పుడు ఏడ దొర్కదు," అన్నాడు.

మా బావమరిది గడువు పెట్టేశాడు. "రెండు వారాలు సూస్త బావా. శనివారం టెస్టుల పాసైతే ఉంటది. లేకుంటే ఐతారం పొద్దుగాల తుక్కు కొనే కబాడీ ఆయన వచ్చి తోల్కపోతడు. తర్వాత నన్ను అనొద్దు."

మా ఆవిడ మేకుకి వేలాడే బండి తాళం తీసి తన బ్యాగులో వేసుకుంది.

నేను ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో మిక్సీ పాడైనా బయటికే పంపుతారు, నా పేరు ఎవరికీ గుర్తురాదు. అందుకే కాబోలు, "కార్బొరేటర్ తీసేసి ఇంజెక్షన్ పెడదాం. పెట్రోలు ఎంత పోవాలో కంప్యూటర్ లెక్క చూసి వదుల్తుంది," అని గబుక్కున అనేశాను.

"ఇంజెక్షనా? గట్లయితే దవాఖానకు తోల్కపోరాదు," అన్నాడు బావమరిది.

మెకానిక్‌ని టెంట్‌హౌస్‌కే రప్పించి పని పంచుకున్నాం. ఇనుము మెకానిక్‌ది, వైర్లూ కంప్యూటరూ నావి. అతను తుక్కుకి పోయిన చిన్న కారు నుంచి ఇంజెక్టర్లు, పంపు తెచ్చి అమర్చాడు. పొగగొట్టానికి సెన్సార్ పెట్టడానికి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డింగ్ చేయించాం. సెన్సార్ అంటే సినిమాలకి కత్తెర వేసేదనుకునే మా ఆవిడ, "నాన్న బండిల ఏం కట్ జేస్తరు?" అని అడిగింది. చల్లారిన ఇంజన్ అంటుకోవడానికి లాగే చోక్ గుబ్బ మాత్రం తియ్యనివ్వలేదు. ఇక దాంతో పనిలేదని చెప్పాను. ఉంటే మీకేం బరువని అడిగింది. ఉంచేశాం, వెనక తీగ లేకుండా.

చివరికి కంప్యూటర్‌కి ఎర్త్ ఇవ్వాలి. బానెట్ కింద పక్క రేకుకి ఒక మంచి బోల్టు ఉంది. దాని చుట్టూ అరచేతంత బొట్టు. ప్రతి దసరాకీ మామగారు అక్కడే పసుపు, గంధం, కుంకుమ పెట్టేవారు. ఒక ఏడు, కడిగినప్పుడల్లా చెరిగిపోతోందని దానిమీద వార్నిష్ కూడా పూశారు. గీకడానికి నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, నా పక్కన మా ఆవిడ ఉంది. బోల్టుకీ బొట్టుకీ మధ్య బొట్టునే గౌరవించాను. దేన్నీ గీకకుండా బోల్టు వదులు చేసి, వైరు దూర్చి, బిగించాను. మీటరు పెట్టి చూస్తే కనెక్షన్ ఉందన్నట్టు కుయ్‌మంది. చాలనుకున్నాను.

రెండోవారం మంగళవారం బండి స్టార్టయింది, చక్కగా నాలుగు నిమిషాలు నడిచి ఆగింది. బుధవారం రెండు నిమిషాలు. గురువారం ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అంకెలు చూస్తూ కూర్చున్నాను. అంకెలు ఎగురుతున్నాయి, నేను వాటి వెంట పరిగెడుతున్నాను. సెన్సార్లు మార్చాను, ప్రోగ్రాం మార్చాను, చివరికి కళ్ళజోడు మార్చాను.

"కుర్చీలన్న ఎక్కించమంటవా బావా, బరువుకు ఆ అంకెల దూకుడు తగ్గుతదేమో," అన్నాడు బావమరిది. కబాడీ ఆయనకి ఫోన్ చేసేశానని కూడా చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ నన్ను దింపి తనే సీటెక్కింది. బండి అంటుకుంది. కాసేపు వింది. హారన్ కొట్టింది. ఇంజన్ ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేసి లైట్లు వేసింది. మళ్ళీ ఆగింది.

"హారన్ కొడితె సచ్చిపోతుంది. లైటేసినా గంతే. మీ ప్రోగ్రాంకు హారన్‌తోని ఏం పని?"

మెకానిక్ బానెట్‌లోకి వంగాడు. "సార్, ఎర్త్ ఏడ కట్టిన్రు?"

చూపించాను. అతను గోరుతో తట్టాడు. వైరు కొస కూర్చున్నది రేకుమీద కాదు, మామగారి వార్నిష్ మీద. మీటరుకి కావలసింది పిసరంత కరెంటు, అది బోల్టు మరల్లోంచి పోయింది. పంపూ ఇంజెక్టర్లూ పనిచేస్తూ, పైన హారన్ కూడా తోడైతే ఆ దారి చాల్లేదు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళందరికీ నేను చెప్పిన మొదటి పాఠం, ముందు ఎర్త్ చూడండి, పెయింట్ గీకి మరీ బిగించండి అని. ఆ మాటే మెకానిక్ నాకు చెప్పబోయి, మర్యాదకి మింగేశాడు.

"గీకాలె అక్కా," అన్నాడు ఆమెతో. గరుకు కాగితం చేతిలో ఉన్నా అతను ముందుకి రాలేదు. నేనూ రాలేదు.

మా ఆవిడ ఆ బొట్టుని కాసేపు చూసింది. కాగితం తీసుకుని తనే రుద్దింది. ముందు వార్నిష్ లేచింది, తర్వాత ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు, ఎన్ని దసరాలో. చివరికి తెల్లగా రేకు కనపడింది. రాలిన పొడిని పాత క్యాలెండర్ కాగితంలో పొట్లం కట్టింది. "ఇప్పుడు బిగించుండ్రి," అంది.

బిగించాను. ఆమె చోక్ గుబ్బ లాగింది, వెనక ఏమీ లేదని తెలిసీ. ఇంజన్ అంటుకుంది. హారన్ కొట్టింది, లైట్లు వేసింది, మళ్ళీ హారన్ కొట్టింది. ఎదురింటి ముసలాయన గేటు దగ్గరికొచ్చి ఎవరి పెళ్ళని అడిగాడు.

శనివారం టెస్టు పాసైంది. ఆదివారం కబాడీ ఆయన వచ్చాడు. ఉత్తిచేతుల్తో పంపడం బాగుండదని బావమరిది విరిగిన కుర్చీలు ఇచ్చాడు. కార్బొరేటర్ కూడా వెయ్యబోతే మా ఆవిడ లాక్కుని గల్లాపెట్టె పక్కన పెట్టింది. బిల్లు బుక్కుల మీద బరువుకి అది బాగా పనికొస్తోంది.

మొన్న దసరాకి ఆమె పసుపూ కుంకుమా పట్టుకుని బానెట్ ఎత్తింది. గిన్నెలోకి వేలు ముంచి, పాత బోల్టుకి అవతల ఖాళీ రేకు చూపిస్తూ నన్ను పిలిచింది.

"ఈడ మీ వైర్లేమన్న ఉన్నయా?"

లేవన్నాను. అన్నాక, లోపలికెళ్ళి మీటరు తెచ్చుకుని, ఎందుకైనా మంచిదని ఎర్త్ చూశాను.