తాత కుడి మడమ

మా తాతది బూట్లు బాగుచేసే కొట్టు. మనుషుల్ని ఆయన మొహం చూసి గుర్తుపట్టడు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూస్తాడు. మడమ ఏ పక్క అరిగిందో చూసుకున్నాక పైకి చూసి, "ఏరా, నువ్వా" అంటాడు. కొత్త బూట్లు వేసుకొచ్చిన పాపానికి మా మేనమామ ఒక పూటంతా పరాయివాడైపోయాడు.

కొట్టుకు ఎదురుగా మిషన్ల మీద బట్టలుతికే దుకాణం. దాని పై అంతస్తులో స్నూకర్ క్లబ్బు, అందులో ఒకే ఒక్క టేబుల్. పగలంతా బూట్ల మీద వంగి పనిచేసే తాత, సాయంత్రం కాగానే కొట్టు మూసి, ఆ టేబుల్ మీద వంగటానికి వెళ్తాడు. దాన్నే విశ్రాంతి అంటాడు.

కింద ఉతికే మిషన్లు ఏళ్ల తరబడి ఊగీ ఊగీ పై అంతస్తు నేలను కిటికీ వైపు కుంగదీశాయి. నేలతో పాటే టేబులూ ఒరిగింది. తెల్లబంతిని మధ్యలో పెట్టి వదిలితే, అది కాసేపు ఆలోచించుకుని కిటికీ వైపు బయల్దేరుతుంది. క్లబ్బులో వాళ్లు దీన్ని ఎండావానల్లాగే తీసుకున్నారు. ఏ బంతిని కొట్టినా పాకెట్‌కి వేలెడు దూరంలో, కిటికీకి ఎదురు పక్కగా గురిచూడాలి. బంతి దారిలో తనంతట తానే ఒరిగి వచ్చి పాకెట్‌లో పడుతుంది. కొత్తగా చేరిన సభ్యుడొకాయన ఒకసారి మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయనతో ఆడటం మానేశారు, అంతే.

ఆ టేబుల్ మీద తాతని ఓడించినవాడు లేడు. గెలిచిన కప్పుల్లో నానమ్మ గుండీలు, దారపు ఉండలు వేసుకుంటుంది.

ఇలా ఉండగా మా నగరంలోని పెద్ద హోటల్లో అంతర్జాతీయ అమెచ్యూర్ స్నూకర్ పోటీలు పెట్టారు. ఏదో దేశం నుంచి రావలసిన ఆటగాడు విమానం ఎక్కకముందే జబ్బుపడ్డాడు. ఆ ఖాళీ నింపాలి. పోటీలు నడిపే కార్యదర్శి మా క్లబ్బు యజమానికి బావమరిది. "రేపటికల్లా ఒక మనిషి కావాలి బావా. నల్లబూట్లుంటే చాలు" అన్నాడట. మా వీధిలో నల్లబూట్లనగానే ఎవరికైనా ముందు తాతే గుర్తొస్తాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నానమ్మ అడిగింది.

"అక్కడికి దేశదేశాల వాళ్లు వస్తారట. నువ్వెళ్లి ఏం చేస్తావయ్యా?"

"ఆడతా."

"గెలుస్తావా?"

"మ్యాచ్ సంగతి చెప్పలేను. ఒక మ్యాచ్‌లో చాలా ఆటలుంటాయి, వాటిని ఫ్రేములంటారు. ఒక్క ఫ్రేమైనా గెలుస్తా. గెలవకపోతే ఈ కర్ర మళ్లీ ముట్టను."

ఆ కర్ర పెళ్లికి ముందు కొన్నది. దాన్ని ఆయన తుడిచే తీరు చూసి చిన్నప్పుడు నాకు అసూయ పుట్టేది. నన్నెప్పుడూ అంత శ్రద్ధగా తుడవలేదు.

"ముట్టకపోతే నాకిచ్చేయి. బట్టలారేసుకోడానికి దండెం కర్ర లేక చస్తున్నా" అంది నానమ్మ.

"ఇస్తా. మాటంటే మాటే."

నానమ్మ భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, కర్రను జానలతో కొలిచింది. "కాస్త పొట్టి. సర్దుకుంటాలే."

ఆ తర్వాత తాత మజ్జిగ కూడా తాగకుండా లేచాడు. అప్పుడర్థమైంది నాకు, ఆయన భయపడుతున్నాడని.

హోటల్లో హాలు నిండా తివాచీ. వెలుతురంతా టేబుళ్ల మీదే, మనుషులంతా చీకట్లో. ఎవరూ దగ్గను కూడా దగ్గరు. నేనూ నానమ్మా ముందు వరసలో కూర్చున్నాం.

"ఆ తెల్ల చేతితొడుగులాయన ఎవరే? వడ్డిస్తాడా?" అంది నానమ్మ, తన లెక్కలో మెల్లిగా.

"రిఫరీ, నానమ్మా."

"మరి బంతులు తుడుస్తున్నాడేంటి, పాపం."

రిఫరీ మా వైపు చూశాడు. నానమ్మ ఆయనకి నమస్కారం పెట్టింది.

మొదటి మ్యాచ్‌లో తాత ఒక్క ఫ్రేము గెలవలేదు. రెండో దానిలోనూ అంతే. ఆయన కొట్టిన ప్రతి బంతీ పాకెట్‌కి సరిగ్గా వేలెడు దూరంలో అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. తాత ప్రతిసారీ కర్ర మీద గడ్డం ఆనించి, ఆ బంతి ఇంకా ఒరుగుతుందేమోనని ఎదురుచూసేవాడు. అది ఒరగలేదు. అక్కడి టేబుళ్లు అద్దంలా సమంగా ఉన్నాయి. బుద్ధికి తెలిసినా చేతికి తెలియటం లేదు. నేరుగా కొడదామని వంగినా, చెయ్యి తన పాటికి తాను వేలెడు పక్కకు జరుగుతోంది.

ఓడినా గెలిచినా ఒక్కొక్కరికి మూడు మ్యాచ్‌లు. ఇక మిగిలింది ఒక్కటే. ఎదుట ఒక పొడుగాయన. నెత్తి మీద దీపం తగులుతుందేమో అన్నంత పొడుగు. ఆయనా మొదటి రెండు ఫ్రేములు నీళ్లు తాగినట్టు గెలిచాడు. కాసేపు విరామం ఇచ్చారు. తాత మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. చేతిలో పోటీల పుస్తకం ఉంది. అందులో తాత ఫోటో వేయాల్సిన చోట ఆ జబ్బుపడ్డాయన ఫోటో ఉంది.

"నీళ్లు తాగుతావా తాతా?"

"వద్దు."

నానమ్మ తన చెప్పులు చూసుకుంటూ అంది, "ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. మీ క్లబ్బుకి వస్తే పడవెక్కినట్టు నాకు తల తిరుగుతుంది. కాసేపు నిలబడితే నడుం ఒక పక్కకి లాగుతుంది. ఇక్కడ హాయిగా ఉంది."

తాత ఆమె వైపు తిరిగాడు. "ఏ పక్కకి లాగుతుంది?"

"కిటికీ పక్కకి. ఎందుకు?"

తాత వంగి కుడి బూటు విప్పాడు. పోటీల పుస్తకాన్ని మధ్యకి మడిచి, ఇంకోసారి మడిచి, మడమ కింద పెట్టుకుని లేసులు బిగించాడు. లేచి నిలబడితే మనిషి ఎడమ వైపుకి ఒరిగాడు, క్లబ్బులో కిటికీ ఎడమ పక్కన ఉండగా నిలబడినట్టే.

"అదేంటయ్యా అవతారం" అంది నానమ్మ.

"నేల తెచ్చుకున్నా" అన్నాడు తాత.

ఒళ్లు ఎడమకి ఒరిగింది, గురి కుడికి జరిగింది. రెండూ కలిసి బంతి నేరుగా పోయి పాకెట్‌లో పడింది. నానమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. రిఫరీ తాత బూటు వంక చాలాసేపు చూశాడు. మడమ ఎంత ఎత్తుండాలో ఏ నిబంధనా చెప్పలేదనుకుంటాను, మళ్లీ బంతి తుడవటంలో పడ్డాడు.

ఇందులో ఒక చిక్కుంది. ఈ కిటుకు టేబుల్‌కి ఒక చివర నుంచే పనిచేస్తుంది. క్లబ్బులో అవతలి చివరకి వెళ్తే కిటికీ కుడిచేతి వైపుకి వస్తుంది కదా, అటు ఒరగాలంటే ఎడమ మడమ లేవాలి. అందుకని తాత ఇవతలి నుంచి దొరికిన బంతులన్నీ కొట్టి, అవతలికి వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా తెల్లబంతిని మెల్లిగా ఏదో బంతి వెనక దాచేసి వచ్చి కూర్చునేవాడు. పొడుగాయన దాన్ని బయటికి తీయలేక చెమటలు కక్కాడు. ఇది గొప్ప ఎత్తుగడ అని చీకట్లో ఎవరో గుసగుసలాడారు.

చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. ఎవరు వేస్తే ఫ్రేము వారిది. పొడుగాయన కొట్టిన దెబ్బ తప్పిపోయి, తెల్లబంతి వచ్చి వచ్చి తాతకి ఇవతలి చివరే ఆగింది. తాత వంగాడు. నానమ్మ కళ్లు మూసుకుంది. దండెం కర్ర కావాలన్న మనిషి అలా ఎందుకు మూసుకోవాలో నేనడగలేదు.

నల్లబంతి పాకెట్‌లో పడింది.

"ఏమైందే?" అంది నానమ్మ, కళ్లు తెరవకుండానే.

"నీ దండెం కర్ర పోయింది నానమ్మా."

"పోతే పోయింది" అని, కొంగుతో మొహమంతా తుడుచుకుంది.

తర్వాతి ఫ్రేములన్నీ పొడుగాయనే గెలిచాడు. తాత పట్టించుకోలేదు. చేతులు కలిపేటప్పుడు తాత ఆయన బూట్ల వైపు చూసి, "ఎడమ మడమ బయటికి అరుగుతోంది. ఒకసారి కొట్టుకు పంపించు బాబూ" అన్నాడు. ఆయనకి మన భాష రాదు. ఎంతో గౌరవంగా తలవంచాడు.

మేం తిరిగొచ్చేసరికి క్లబ్బు యజమాని ఒక ఘనకార్యం చేసిపెట్టాడు. అంతర్జాతీయ ఆటగాడు ఆడే టేబుల్ వంకరగా ఉంటే బాగుండదని, మనుషుల్ని పిలిపించి, నేల మీద చెక్కలు పరిపించి నేలనూ టేబుల్‌నూ సమం చేయించాడు. ఆ వారమంతా క్లబ్బులో ఒక్క బంతి కూడా పాకెట్‌లో పడలేదు. యజమాని కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు.

"రసమట్టం పెట్టి మరీ చూశాం బాబాయ్. అంతా సరిగ్గానే ఉంది."

"రసమట్టానికేం తెలుసు? అదెప్పుడైనా ఆడిందా?" అన్నాడు తాత తోలు కోస్తూ. "నీ కుడి బూటు విప్పు."

ఇప్పుడు క్లబ్బు సభ్యులందరికీ తాతే మడమలు వేశాడు. ఇవతలి చివరకి ఒక జత, అవతలి చివరకి ఒక జత. మధ్యలో మార్చుకోవాల్సి వస్తుంది కాబట్టి ఒక్కో ఆట సినిమా అంతసేపు పడుతోంది. ఎవరికీ తొందర లేదు.

యజమాని కృతజ్ఞతగా క్లబ్బులో మూలనపడ్డ పాత కర్ర ఒకటి నానమ్మకిచ్చాడు. తాత దాన్ని పెరట్లో దండెంగా కట్టాడు. ఒక కొస కిందికి వాలి, చొక్కాలన్నీ వంటింటి కిటికీ పక్కకే జారి కుప్పపడుతున్నాయి.

"ఆ కొస కాస్త పైకి కట్టవయ్యా" అంటుంది నానమ్మ రోజూ.

"సరిగ్గానే ఉంది. నువ్వే అటు జరిగి ఆరెయ్యి" అంటాడు తాత.

నానమ్మ అలాగే జరిగి ఆరేస్తోంది.