చక్కెర లేని జగ్గు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలియదు గానీ, నేను మాత్రం పట్టాను. అదీ రెండు చెంచాల ఉప్పు పుణ్యాన. పట్టుకుని ఏం బావుకున్నావని మాత్రం అడక్కండి.

మాది సీతాఫల్‌మండిలో ఒక పాత అపార్ట్‌మెంట్. ఎండాకాలం పగలంతా డాబా పెనంలా కాలుతుంది. పొద్దు వాలాక బకెట్లతో నీళ్లు చల్లి, అది ఆరాక చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుంటే ఇక కిందికి దిగబుద్ధి కాదు. ఆదివారం సాయంత్రాలు అన్ని ఫ్లాట్ల వాళ్లం అక్కడే చేరతాం. ఒకరు మిరపకాయ బజ్జీలు తెస్తారు, ఒకరు ఉడకబెట్టిన శనగల గుడాలు తెస్తారు, ఒకరు ఉత్త చేతులూపుకుంటూ వచ్చి అందరికన్నా ఎక్కువ తింటారు. చల్లటి పండ్ల చాయ్ నా వంతు. ఎవరూ అప్పగించలేదు, నేనే లాక్కున్నాను. ఆ చాయ్ నాకన్నా బాగా చేసేవాళ్లు మా బిల్డింగులో లేరు. ఇందులో వినయం చూపించాల్సిన పనేమీ లేదు.

అందరూ చేసే తప్పేమిటంటే చాయ్‌పత్తిని మరిగిస్తారు. మనవాళ్లకు చాయ్ అంటే కుతకుతా ఉడకాల్సిందే, గిన్నె అడుగు నల్లబడాల్సిందే. అట్లా మరిగించి, చల్లార్చి, మంచు వేస్తే అది పండ్ల చాయ్ కాదు, కషాయం. నేను పొద్దున్నే చాయ్‌పత్తిని పల్చటి మల్లు గుడ్డలో మూటకట్టి చల్లటి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. సాయంత్రానికి నీళ్లు మెల్లగా తేనె రంగుకు వస్తాయి, వగరన్నది ఉండదు. అందులో సంత్ర తొనలు, అనాస ముక్కలు, పుదీనా, నిమ్మరసం, చక్కెర పాకం. మంచు కూడా ఉత్త నీళ్లది కాదు. సంత్ర రసాన్నే ట్రేలో పోసి గడ్డ కట్టిస్తాను. అప్పుడు మంచు కరిగినా చాయ్ పల్చబడదు.

మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. తీపంటే ప్రాణం పెడతాడు. అటువంటి మనిషికి షుగర్ వచ్చింది. డాక్టరు అన్నీ మానెయ్యమన్నాడు. ఆ మొదటి ఎండాకాలం డాబా మీద అందరి చేతుల్లో నా చాయ్ గ్లాసులుంటే, ఈయన చేతిలో మంచినీళ్ల గ్లాసు. ఎవరినీ ఏమీ అనలేదు. చాప అంచున కూర్చుని ఎదుటివాళ్ల గ్లాసుల్లోకి చూస్తున్నాడు, అంతే.

మర్నాటి నుంచి వంటింట్లో నా తిప్పలు మొదలయ్యాయి. చక్కెర వెయ్యకూడదు, తాగితే తియ్యగా ఉండాలి. ఎట్లా? సోంపును రాత్రి నానబెట్టి ఆ నీళ్లు కలిపాను. నాలుకకు కొంచెం తీపి భ్రమ కలిగింది. దాల్చినచెక్క, యాలకులు వేస్తే ఆ భ్రమ ఇంకొంచెం పెరిగింది. దోర జామపండు ముక్కలు, కాసిన్ని యాపిల్ తొక్కలు చాయ్‌పత్తితో పాటే నానేశాను. చివర చిటికెడు ఉప్పు. ఉప్పు తగిలితే ఉన్న కాస్త తీపీ పైకి లేస్తుంది. ఎన్ని గ్లాసులు సింకులో పారబోశానో! చివరికి ఒకరోజు ఆయన్ని వంటింట్లోకి పిలిచి గ్లాసు చేతికిచ్చాను. తాగాడు. నా మొహంలోకి చూశాడు.

"ఏందే, నిజంగ చక్కెర ఎయ్యలేదా? నాకైతే నమ్మబుద్ధైతలేదు!"

అంతే, నా కాళ్లు భూమ్మీద ఆగలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం రెండు జగ్గులు చేశాను. అందరికీ పెద్ద గాజు జగ్గు, ఆయనకు మూత ఉన్న స్టీలు జగ్గు. ఆయన ఊరికే తాగి ఊరుకునే రకం కాదు. "ఇయ్యాల సోంపు జెర ఎక్కువైంది" అనేవాడు. "యాలకులు మస్తు తగులుతున్నయ్" అనేవాడు. ఆయన సోంపు ఎక్కువైందంటే పై వారం తగ్గించేదాన్ని. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, వెనక బెంచీలో కాపీ కొట్టేవాణ్ణి నల్లబల్ల దగ్గర నుంచే పట్టుకున్నదాన్ని నేను. అటువంటి నేను ఆ మాటలన్నీ నిజమనుకున్నాను.

మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేది భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంటావిడ మా ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది, కాబట్టి మేమిద్దరం ఒకరికొకరం వదినలం. నాకు బడి స్నేహాలూ చుట్టరికాలూ చాలానే ఉన్నాయి గానీ, తలుపు తీసి నాలుగడుగులు వేసి కడుపులో మాట చెప్పుకోగలిగింది ఆమెతోనే. డాబా మీద మా ఆయన కుర్చీ పక్కనే ఆమె కుర్చీ. "అన్నయ్యగారి జగ్గు నా పక్కన పెట్టండి వదిన గారూ, నేను పోసిస్తాను, మీరు అందరికీ పంచుకోండి" అనేది. ఎంత మంచి మనిషి అనుకునేదాన్ని.

రెండో ఎండాకాలం ఆయన కాలి చిటికెన వేలికి చెప్పు కరిచి పుండు పడింది. మానదు. కట్టు మీద కట్టు, మందు మీద మందు. డాక్టరు మూడు నెలల షుగర్ చూపించే పరీక్ష రాశాడు. దాని ఫలితం కాగితం చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, సార్‌కి ఎక్కడో స్వీట్ వెళ్తోంది. ఇలాగే ఉంటే వేలు దక్కదు. ఇంట్లో జాగ్రత్తగా చూసుకోండి."

నాకు ఒళ్లు మండిపోయింది. నన్ననడమా! "మా ఇంట్ల చక్కెర డబ్బా సుత పైన అటక మీద పెట్టిన సార్. ఈయన తాగే చాయ్ కూడ నా చేతులతోని చేస్త. మీ మిషిన్ ఖరాబైందేమో, ముందుగాల గది చూపిచ్చుకోండ్రి" అన్నాను.

"అది కాదమ్మా, బయట ఏమైనా..."

"ఈయన అబద్ధమాడే మనిషి గాదు. ఆ జిమ్మేదారి నాది."

ఇంత గొడవ జరుగుతుంటే మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. పాపం, మనసు కష్టపెట్టుకున్నాడేమో అనుకున్నాను. ఆ సాయంత్రం ఎదురింటి వదిన దగ్గర కూర్చుని ఏడ్చాను కూడా. వేలు పోతుందేమోనని భయంగా ఉందని చెప్పాను. ఆమె నా భుజం నిమిరి, "డాక్టర్లు అలాగే బెదిరిస్తారండీ వదిన గారూ. మీరంత కనిపెట్టుకుని చూసుకుంటుంటే అన్నయ్యగారికేం కాదు" అంది.

తర్వాతి ఆదివారం చాయ్ చేస్తున్నాను గానీ నా మనసంతా ఆ డాక్టరుతో పోట్లాడుతూనే ఉంది. ఇంకా ఏమేం అనాల్సిందో అవన్నీ గిన్నెతో అంటూ కలుపుతున్నాను. ఆ కోపంలోనే ఉప్పు చిటికెడు వెయ్యబోయి చెంచాతో వేశాను, వేసిన సంగతి మరిచి మళ్లీ వేశాను. రుచి చూడలేదు. జగ్గులు పైకి చేరిపోయాక గిన్నె కడగబోతూ అడుగున మిగిలింది నోట్లో పోసుకున్నాను. అయ్యో రామా! సముద్రపు నీళ్లు నయం. పుండుతో ఉన్న మనిషి, ఇంత ఉప్పు తాగితే ఏమవుతుందోనని కొంగు దోపుకుని మెట్లెక్కి పరిగెత్తాను.

డాబా తలుపు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన గ్లాసు ఎత్తి పట్టుకుని పై ఫ్లాటాయనతో చెబుతున్నాడు. "ఇయ్యాల చాయ్ జబర్దస్తున్నది. మా ఆమె చెయ్యి పడితే అంతే మల్ల!"

ఆయన పక్క కుర్చీలో మా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె చేతిలోని గ్లాసును నేలమీద పెట్టి కాలితో కుర్చీ కిందికి తోస్తోంది.

నాకు ఒక్క క్షణం పట్టింది. నడుచుకుంటూ వెళ్లాను. మా ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని, అందరూ చూస్తుండగానే తాగాను. తియ్యగా ఉంది. నేను చక్కెర పాకం పోసి చేసిన, అందరి జగ్గులోని చాయ్. తరువాత వంగి, కుర్చీ కింది గ్లాసు తీసి అదీ తాగాను. ఉప్పు.

డాబా మీద అంతమందీ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ఒక్కరైనా "ఏమైంది" అని అడగలేదు. అడగలేదంటే అందరికీ తెలుసన్నమాట. ఇన్ని ఆదివారాలూ నేను ఇటు తిరగ్గానే అటు గ్లాసులు మారుతున్నాయి, అందరూ చూస్తున్నారు, నవ్వుకుంటున్నారు. కింది ఫ్లాటు ముసలమ్మ ఒక్కతే నోరు విప్పింది.

"పోనియ్ బిడ్డా, మొగోడు జెర తీపి తాగిండు. ఏమైతది?"

"ఏమైతదా? గా కాలు జూడు, తెలుస్తది ఏమైతదో!" అని అరిచాను. నా గొంతు వీధి దాకా వినిపించి ఉంటుంది. వినిపించనీ.

ఇంట్లోకి వచ్చాక ఆయన మంచం మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"ఆదివారం గ్లాసు ఒక్కటేనా?"

కాలి కట్టు సర్దుకున్నాడు.

"అడుగుతున్న గదా!"

"పొద్దుగాల పాలకు పోయినప్పుడు ఇరానీ హోటల్ల ఒక చాయ్" అన్నాడు.

"ఒక్కటేనా?"

"రెండు. దాంతోని బిస్కెట్లు."

నవ్వు రావాల్సిన మాటే. ఇంకొకరి మొగుడైతే పడి పడి నవ్వేదాన్ని. "మరి సోంపు ఎక్కువైందని, యాలకులు తగులుతున్నయని, అవన్ని ఎట్ల జెప్పినవ్?"

"ఎదురింటి చెల్లె తాగి చెప్పేది. నువ్వు ఖుష్ అయితవని..." అని ఆగాడు. "నీ చాయ్ నేను ఒక్కసారే తాగిన. వంటింట్ల ఇచ్చినవ్ సూడు, గప్పుడు."

"గప్పుడు మంచిగుందన్నవ్ గదా!"

"నీ మొఖం జూసినంక ఇంకోమాట రాలే."

అంటే మొదటి గ్లాసు నుంచే అబద్ధం. నేను నానబెట్టిన సోంపు, చెక్కిన యాపిల్ తొక్కలు, పారబోసిన గ్లాసులు, అన్నీ. వారం వారం ఆయన నాలుకను తలుచుకుంటూ నేను దిద్దుకున్న ఆ చాయ్, ఎదురింటి ఆవిడ నాలుకకు దిద్దుకున్నానన్నమాట. నాకు ఏడుపు రాలేదు. ఆ జగ్గు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టాను కూడా. స్టీలుది, సొట్టపోయింది.

మర్నాడు పొద్దున వదిన తలుపు కొట్టింది. గుమ్మంలోనే నిలబెట్టాను.

"వారానికి ఒక్క గ్లాసే కదా అనుకున్నానండీ వదిన గారూ. చిన్నపిల్లాడిలా బతిమాలేవారు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నాకూ కష్టంగానే ఉండేదండీ."

"మొన్న మీ ఇంట్ల కూసోని ఏడ్చిన. ఆయన వేలు పోతదని ఏడ్చిన. అప్పుడు నా భుజం మీద చెయ్యేసినవ్. మల్ల ఆదివారం అదే చెయ్యితోని చక్కెర నీళ్లు పోసిచ్చినవ్. నీతోని నాకు ఇంక మాటల్లేవు వదినా."

తలుపు వేసేశాను. ఆయన మీదికన్నా ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది ఆ రోజు. ఆయనకు తీపి మీద ఆశ, అది జబ్బు. ఆమెకేం జబ్బు? ఇప్పటికీ ఆమె మెట్లెక్కుతుంటే నేను లిఫ్టు కోసం నిలబడతాను, లిఫ్టు చెడిపోయి ఉన్నా సరే.

వానలు మొదలయ్యేలోపే చిటికెన వేలు తీసేశారు. ఆపరేషన్ గది బయట నన్ను సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఇంటికి తెచ్చాక ఆయన పూర్తిగా మారిపోయినట్టే ఉన్నాడు. పాలకు నేనే వెళుతున్నాను. చక్కెర లేని చాయ్ చేసిస్తే నా ముందే తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిస్తాడు. బాగుందనీ అనడు, బాలేదనీ అనడు. నేనూ అడగను.

మొన్న మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లాం. నా మీద కోపం పెట్టుకుంటాడేమో అనుకున్నాను, పెట్టుకోలేదు. కట్టు విప్పి చూసి, బాగానే మానుతోందన్నాడు. తరువాత మా ఆయన్ని అడిగాడు. "సార్, ఇప్పుడు స్వీట్ పూర్తిగా మానేశారా?"

"మొత్తం బంద్ సార్. మా ఆమెను అడుగుండ్రి" అన్నాడు మా ఆయన.

డాక్టరు నా వైపు తిరిగాడు. మా ఆయన కూడా నన్నే చూస్తున్నాడు. నిజమే చెబుతున్నాడేమో. ఆయన గడప దాటి బయటికి వెళ్లింది కూడా నేను చూడలేదు. అవునని ఒక్క మాట అంటే ఆయనకు ఎంత ధైర్యంగా ఉండేదో నాకు తెలుసు. అనడానికి నోరు తెరిచాను కూడా.

"నాకు తెల్వదు సార్" అన్నాను. "రక్తం తీసి చూడుండ్రి."