బాణం గుర్తు పెట్టని పేజీ

ఖాలా పోయిన కబురు ఫోన్లో వచ్చింది. బస్టాండు దగ్గర నేను పనిచేసే డీటీపీ షాపులో కూర్చుని ఎవరిదో పెళ్లికార్డు టైపు చేస్తున్నాను. అవతల ఖాలా కోడలు. "అమ్మీ పొయింది చెల్లె. పొద్దున ఛాతీల నొప్పన్నది. దవాఖానకు తీస్కపోయేలోపల్నే..." అని ఆగిపోయింది. దానికి నేనన్న మొదటి మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. "ఆఖరి పేజీ అయిందా వదినా?" అన్నాను.

ఆమె ఏడ్చింది. అప్పటి నుంచి ఆ పేజీ బెంగ నన్ను పట్టుకుంది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా అది పూర్తిగా తగ్గలేదు.

ఖాలా అంటే అమ్మకు అక్కో చెల్లెలో. నాకు రక్తసంబంధం కాదు, వీధి వరస. మా జహీరాబాద్‌లో కూర్చుని ఆవిడ పిల్లల కోసం పదకొండు బొమ్మల పుస్తకాలు చేసింది. కథా ఆవిడదే, బొమ్మలూ ఆవిడవే. పోయిన మర్నాడు ఒక పత్రిక మూలన రెండు వాక్యాలు వేశారు: కుట్టుపని చేసుకుంటూ తీరిక వేళల్లో బొమ్మలు గీసిన గృహిణి అని. ఆ కాగితం అక్కడే చింపేశాను. తీరిక వేళలట! ఒక మేకపిల్ల చెవి కుదరక పదిరోజులు తిండి సరిగ్గా తినని మనిషికి తీరిక ఎక్కడిది?

కుట్టుపని మాట మాత్రం అబద్ధం కాదు. మొదట ఆవిడ పెళ్లిబట్టల మీద జరీపని చేసేవాళ్లకు పువ్వులూ నెమళ్లూ గీసిచ్చేది. పలచని ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడవాలి. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి పొడి రుద్దితే, చిల్లుల్లోంచి దిగి కింద చుక్కల బొమ్మ పడుతుంది. ఒక్క కాగితంతో ఎన్ని చీరలకైనా అదే నెమలి. ఒకరోజు మనవరాలు బడి పుస్తకంలో మంచుతో చేసిన మనిషిని చూపించి, "దాదీ, ఈ తెల్ల లడ్డూ ఎవరు?" అని అడిగిందట. ఖాలాకు ఒళ్లు మండింది. సంతలో మేకలుండగా ఈ లడ్డూ ఎందుకని, ఆ సాయంత్రమే మేకపిల్లను గీసింది. ఒకటో పేజీలో మేక పదహారో పేజీలోనూ అదే మేకగా ఉండాలి కదా. అందుకని మళ్లీ సూదే పట్టింది. చిల్లుల కాగితం మీద బొగ్గుపొడి మూట తట్టి, పడ్డ చుక్కల్ని ఇంకుతో కలిపేది.

ఆవిడకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, రాయడం రాదు. ఆరేళ్ల కిందట, నేను ఇంటర్ అయి షాపులో చేరిన కొత్తలో, ఆ పదహారు బొమ్మలు పట్టుకుని వచ్చింది. "నేను చెప్త, నువ్వు రాయి" అంది. అట్లా మొదలైంది మా జట్టు.

మొదటి పుస్తకం ఊళ్లోనే ఒక ప్రెస్సులో అచ్చయింది. ఇద్దరం దాన్ని న్యాల్‌కల్ వైపు ఒక బడికి పట్టుకుపోయాం. పిల్లలు చూశారు, నవ్వారు. కానీ ఒక పిల్ల చెయ్యెత్తి అడిగింది: "అవ్వా, సంతకు పోతున్రని రాసిన్రు గద. మరి అందరు ఎన్కకు నడుస్తున్రేంది?" ఇద్దరం పుస్తకం వైపు చూశాం. నిజమే. మేక, మేక వెనకాల తాత, సైకిలు, కోడి, అన్నీ ఎడమకే పోతున్నాయి. ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది. చిన్నప్పటి నుంచీ ఆవిడకు ముందు అంటే ఎడమే. తెలుగు పుస్తకంలోకి వచ్చేసరికి ఊరు ఊరంతా వెనక్కి నడిచింది. టైపు చేసిన నేను అక్షరాలు మాత్రమే చూసుకున్నాను. తిరుగు బస్సులో నేను కోపంతో, సిగ్గుతో కుతకుతలాడుతుంటే ఖాలా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "సంతకు పోకముందే సంత నుంచి వచ్చిన్రు. తిరిగే పని తప్పింది గదా!"

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకుంది. తన అలవాటు ప్రకారమే గీసి, చిల్లులు పొడిచి, కాగితాన్ని బోర్లా తిప్పేది. తిప్పితే బొమ్మ కుడికి మళ్లుతుంది. ఏ వైపు పైకి ఉండాలో మరిచిపోకుండా మూలన పెన్సిలుతో చిన్న బాణం గుర్తు పెట్టేది. బాణం పెట్టిందంటే ఆ పేజీ ఖాయమైనట్టు.

హైదరాబాదులోని ఒక చిన్న ప్రచురణ సంస్థ రెండో పుస్తకం నుంచి ఆవిడవి వేసింది. అక్కడి సంపాదకుడు మంచివాడే. పుస్తకం అచ్చుకు ముందు ఖాలా దాన్ని మూడు బళ్లకు తిప్పేది. పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి తాను కింద కూర్చునేది. మాట లేకుండా పేజీలు తిప్పేది. ఏ పేజీ దగ్గర పిల్లలు కిటికీ వైపు చూశారో ఆ పేజీ మళ్లీ గీసేది. "పిల్లగాడు చూపు తిప్పిండంటే తప్పు పేజీది బేటీ, పిల్లగానిది కాదు" అనేది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను డిగ్రీ చదవలేదు. చదివిందంతా కరపత్రాలూ చిన్న పుస్తకాలే. కూలీ ఆడవాళ్ల మీద వచ్చిన ఏ కరపత్రమైనా షాపులో టైపు చేస్తూనే కంఠతా పట్టేదాన్ని. చెరుకు కోతల పుస్తకంలో ఒక పేజీకి, ఖాలాకు చెప్పకుండా, "శ్రమే మన బలం! ఐక్యతే మన ఆయుధం!" అని పెట్టాను. బళ్లో అది గట్టిగా చదివాను కూడా. ముందు వరసలో ఒకడు అమాయకంగా అడిగాడు: "అక్కా, ఇది ఎలక్షన్దా?"

ఇంటికొచ్చాక ఖాలా ఆ మాటలు తీసేయమంది. నేను అరిచాను. ఆవిడ టీ పోసిచ్చి అంది: "నీ కోపం మంచిదే. గాని దానికి చెప్పులు తొడుగు. ఉత్త కాళ్లతోని ఎంత దూరం నడుస్తది?" లోపలి నుంచి కోడలు కేకేసింది: "అమ్మీ, మీ లీడరమ్మకు చాయ్‌ల చక్కెర జర ఎక్కువెయ్యుర్రి!"

ఇక పన్నెండో పుస్తకం. ఒక అమ్మాయి అల్లం తవ్వడానికి పోయిన తల్లికి సద్దిగిన్నె తీసుకుని బయల్దేరుతుంది. కోడిపెట్ట, బురద, కుక్క, చెరుకు ట్రాక్టరు, అన్నీ దాటుతుంది. పదిహేనో పేజీలో బొంబాయి రోడ్డు అడ్డం వస్తుంది. పేజీ నిండా లారీలు. రోడ్డుకు అవతల చేను, చేనులో తల్లి. పదహారో పేజీలో ఏం కావాలి? అక్కడే మాకు తగువు వచ్చింది.

"దాటాలె ఖాలా. ధైర్యంగ దాటాలె. ఆగితే పిల్లలకు ఏం నేర్పినట్టు?"

"లారీ వస్తుంటే దాటుమని నేర్పాల్నా? పోయినేడు ఆ రోడ్డు మీద ఏమైందో నీకు ఎరుక లేదా?"

తెలుసు. దాటబోయిన పిల్లను లారీ గుద్దిన సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అయినా నేను తగ్గలేదు. "అయితే ఎన్కకు పంపుతవా? భయపడి ఇంటికి పొమ్మంటవా? ఆడపిల్లలకు జిందగీ అంత చెప్పేది అదే గద!"

"నా పుస్తకం చదివి ఒక్క పోరి రోడ్డు మీదికి ఉరికిందనుకో. అప్పుడు నీ కరపత్రం చూసి లారీ ఆగుతదా బేటీ?"

"భయమైతే భయమని చెప్పు ఖాలా. నువ్వు ముసలిదానివైనవ్!" అన్నాను. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

వారం రోజులు పోలేదు. ఆవిడే పిలుస్తుందని చూశాను. ఎనిమిదో రోజు కోడలి ఫోను వచ్చింది.

మూడోరోజు జియారత్ ప్రార్థనలయ్యాక కోడలు నా చేతిలో ఒక అట్ట ఫైలు పెట్టింది. పదిహేను పేజీలు ఇంకుతో పూర్తయి ఉన్నాయి. పదహారోది లేదు. దాని చిల్లుల కాగితం మాత్రం ఉంది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఒంటరిగా ఆ అమ్మాయి, తలమీద గిన్నె. నా వేళ్లు ముందు మూలను వెతికాయి. బాణం లేదు. నాలుగు మూలలూ చూశాను. భూతద్దం పెట్టి చూశాను. లేదు.

షాపుకొచ్చి చిత్తుకాగితం మీద పొడి తట్టాను. అమ్మాయి కుడికి చూస్తోంది, అంటే దాటుతోంది. తిప్పి తట్టాను. ఎడమకు చూస్తోంది, అంటే ఇంటికి మళ్లింది. కాళ్లన్నా చెబుతాయేమోనని చూస్తే రెండు పాదాలూ జతగా ఉన్నాయి. కుడికైతే నేను గెలుస్తాను, ఎడమకైతే ఖాలా గెలుస్తుంది. లేదా చివరికి ఆవిడే నా మాట విందేమో. అడుగుదామంటే మనిషి లేదు. సంపాదకుడు రెండుసార్లు ఫోను చేశాడు. "ఎటు తిరిగి ఉండాలో చెప్పండి చాలు, ఇంకు మా ఆర్టిస్టు వేస్తాడు. బడులకు ఎండాకాలం సెలవులిచ్చేలోపు పుస్తకం రావాలి" అన్నాడు. రేపు చెబుతానన్నాను. రెండు రేపులు గడిచాయి. కుడికి పంపి, ఆ పుస్తకం చదివిన పిల్ల ఏదైనా రోడ్డు మీదికి ఉరికితే? ఎడమకు పంపి, ఖాలా కోరుకున్నది అది కాకపోతే? చచ్చిపోయిన మనిషి నోట్లో మాట పెట్టడం కన్నా పెద్ద దొంగతనం ఇంకోటి ఉందా?

కోడలి దగ్గరికే మళ్లీ పోయాను. "ఆఖరి వారం ఏం చేసింది వదినా? ఏమన్నా అన్నదా?"

"అనుడేంది? నువ్వు అలిగిపోయిన కాడికెల్లి దినాం బడి ఇడిచే టైముకు ఆటో మాట్లాడుకోని బొంబాయి రోడ్డుకు పోయింది. ఎండల! ఎందుకమ్మీ అంటే, పనుంది అన్నది."

అదే టైముకు నేనూ పోయాను. పల్లెలకు దారి చీలే చోట ఒక చాయ్ డబ్బా ఉంది. ఫోన్లో ఖాలా ఫోటో చూపిస్తే డబ్బా ఆయన వెంటనే గుర్తుపట్టాడు.

"ఈమెనా? గా బల్ల మీదనే కూసుండె. పోరగాళ్లు దాటేది చూస్తున్నవా అమ్మా అని అడిగిన. ఏమన్నదో ఎరుకేనా? 'దాటేది అందరు చూస్తరు బాబూ. నేను దాటకముందుది చూస్తున్న' అన్నది. నాకైతే సమజ్ కాలే." ఆయన గ్లాసు కడుగుతూ అడిగాడు, "ఇప్పుడు రాదా?"

రాదని చెప్పాను. ఆయన ఒక చాయ్ పోసి నా ముందు పెట్టాడు.

బడి వదిలారు. బ్యాగుల పిల్లలు గుంపుగా వచ్చి రోడ్డంచున ఆగారు. హైదరాబాదు వైపు నుంచి లారీల వరస. అందరికన్నా ముందు నిలబడ్డ అమ్మాయికి ఎనిమిదేళ్లుంటాయేమో. ముందుకు కదల్లేదు, వెనక్కి మళ్లలేదు. ఇటు చూసింది. చాలాసేపు చూసింది. అటు చూసింది. మళ్లీ ఇటు. లారీ గాలికి జడలు ఎగురుతున్నాయి, పాదాలు మాత్రం జతగా అక్కడే ఉన్నాయి. తోడుకు పెద్దవాళ్లెవరూ లేరు. దాటడానికి రోడ్డు మీద ఒక గీత లేదు, లారీలను ఆపే ఒక దీపం లేదు. అవి పెట్టించాల్సిన వాళ్లందరి మీదా నాకు వచ్చిన కోపం ఇంకా ఉంది, ఆ కరపత్రం వేరే రాస్తున్నాను. కానీ ఆ క్షణంలో నాకు తట్టింది ఇదొక్కటే: పిల్ల భయపడటం లేదు, తెగించడమూ లేదు. చూస్తోంది. ఖాలా బాణం పెట్టడం మరిచిపోలేదేమో. కాగితానికి రెండు వైపులూ కావాలేమో.

మర్నాడు మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరికి వేసి ఫ్యాను ఆపాను. ఒకే పేజీ మీద, పక్కపక్కన, కాగితం అటొకసారి తట్టాను, ఇటొకసారి తట్టాను. ఇంకు నేనే వేశాను. ఒకచోట గీత కొంచెం లావైంది, దిద్దలేదు. ఖాలా అనుకున్నది ఇదేనని నేను ప్రమాణం చెయ్యలేను. నాకు నచ్చిన అర్థాన్ని ఆవిడ సూదికి అంటగట్టానేమో కూడా. ఆ బెంగ పుస్తకం వచ్చాక కూడా పోదు.

పేజీ ఫోటో తీసి పంపాను. పావుగంటలో సంపాదకుడి ఫోను.

"బాగుందమ్మా. కానీ కథ తేలలేదే! ఇంతకీ అమ్మాయి దాటిందా, లేదా?"

"లారీలు ఇంకా అయిపోలేదు సార్" అన్నాను.

"సరే, ఆ పేజీకి మాటలు?"

"వద్దు సార్."

ఫోను పెట్టేసి ఆ పేజీని మళ్లీ ఎండలోకి జరిపాను. ఇంకు ఆరుతోంది. ఒకే పిల్ల ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తోంది. తలమీద గిన్నె ఒలకలేదు. ఆమె కాళ్ల ముందు ఏ గీతా లేని తెల్ల కాగితం, రోడ్డంత వెడల్పున.